అప్పనపల్లిని వెదకుట

వైనతేయ గోదావరి యొడ్డున, కొబ్బరితోటల నడుమ, మామిడికుదురు మండలమున అప్పనపల్లి యను గ్రామము కలదు. కొబ్బరి వర్తకుడు మొల్లేటి రామస్వామి పూనికతో వెలసిన బాలబాలాజీ ఆలయము వలన ఆ పేరు నేడు దూరప్రాంతముల వారికిని సుపరిచితము. పూర్వము ఆ యూరికి పోదలచినవారు అమలాపురమునందో రాజోలునందో బస్సు దిగి, ఎదురుపడిన పెద్దమనిషి నొకరిని దారి యడిగెడివారు. ఆయన "మీరెవరి తాలూకండీ?" అని ముందు తానొక ప్రశ్న వేసి, జవాబు విన్న పిదపనే దారి చెప్పెడివాడు. నేటి యాత్రికుడు చేతిలోని ఫోనులో నాలుగు మాటలు వ్రాసి, వ్రాయుట రాకున్న నోటితో పలికి, క్షణములో సమాధానము పొందుచున్నాడు. ఎవరి తాలూకని యడుగువారు లేరు. అడుగకయే ఆ యంత్రము మన సంగతులు కొన్ని తెలిసికొనుచున్నదన్న విషయమును మున్ముందు చెప్పెదము.

ఈ సమాధానమిచ్చు సాధనమునకు సెర్చి ఇంజను అని పేరు. అన్వేషణ యంత్రమని తెలుగు చేసినవారును కలరు. సామాన్యజనులు మాత్రము "గూగుల్ చేసి చూడు" అని ఒక కంపెనీ పేరునే క్రియగా వాడుచున్నారు. పేరేదైనను, దాని పనితీరును గూర్చి ఒక అపోహ విస్తారముగా వ్యాపించియున్నది. మనము ప్రశ్న వేసిన తక్షణమే అది ప్రపంచమంతయు పరుగెత్తి, సమస్త గ్రంథములను తిరుగవేసి, నిజమును పట్టి తెచ్చునని చాలమంది తలంపు. అది అట్లు చేయదు. తాను ముందుగానే సిద్ధపరచి యుంచుకొన్న ఒక సూచికను చూచుకొని చెప్పును. ఆ సూచికలో లేనిది దాని దృష్టిలో లోకములోనే లేదు. అప్పనపల్లి దానికి మొదట ఒక పదము. ఊరన్న సంగతి ఆ తరువాత, ఇతరులు వ్రాసిన వ్రాతలను బట్టి, అది ఊహించుకొనునది. ఈ సంగతి గ్రహించినచో తక్కిన చరిత్ర సులభముగా బోధపడును.

సూచికలు కూర్చుట మనకు క్రొత్త విద్య కాదు. వేదాధ్యయనమునకు పేరుపడిన కోనసీమలో అనుక్రమణి యను మాట వినని పండితుడుండడు. కాత్యాయనుని సర్వానుక్రమణి ఋగ్వేదములోని సూక్తములకు వరుసగా ఆది పదములను, ఋక్కుల సంఖ్యను, ఋషిని, దేవతను, ఛందస్సును చెప్పును. గ్రంథమంతయు కంఠస్థమైన వారికి కూడ ఇట్టి పట్టిక అవసరమైనదనిన, వెదకుట యను పని ఎంత ప్రాచీనమైనదో తెలియుచున్నది. 1906లో అమెరికాలో మారిస్ బ్లూమ్‌ఫీల్డు వేదమంత్రముల పాదముల నన్నిటిని అకారాది క్రమమున కూర్చి ఒక మహాగ్రంథమును ప్రకటించెను. పాదములోని మొదటి మాట తెలిసినవానికి అది గొప్ప సహాయము. నడిమి మాట మాత్రమే జ్ఞప్తియందున్నవాడు దానిని చేతబట్టుకొని ఏమియు చేయజాలడు.

తరువాత గ్రంథాలయముల కాలము వచ్చెను. ఆంధ్రదేశమున ఆ యుద్యమమునకు మూలపురుషుడగు అయ్యంకి వెంకటరమణయ్య ఈ గోదావరి ప్రాంతమువాడే. 1890లో కొంకుదురులో జన్మించెను. ఆయన కృషితో 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడెను. 1935లో పాతూరి నాగభూషణము కృష్ణా డెల్టా కాలువలపై పుస్తకములను పడవలో నుంచి ఊరూర పంచిపెట్టెను. కాలువలే రహదారులుగా బ్రదికిన మన డెల్టాల వారికి ఇంతకంటె సహజమగు గ్రంథాలయము మరియొకటి తోచదు. మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి యస్. ఆర్. రంగనాథన్ 1931లో తన పంచసూత్రములను, 1933లో కోలన్ వర్గీకరణమును ప్రకటించెను. పాఠకుని కాలము వ్యర్థము కారాదన్నది ఆ సూత్రములలో నొకటి. కార్డుల పెట్టె యొద్దకు వచ్చినవానికి గ్రంథకర్త పేరు, గ్రంథము పేరు, విషయము - ఈ మూడింటిలో నేదియో ఒకటి తెలిసియుండవలెను. పుస్తకము లోపలి ప్రతి మాటకును ఒక కార్డు వ్రాయుట ఎంతటి ఓర్పు గల గుమాస్తాకైనను సాధ్యము కాదు. ఈ పత్రికలో మీరు చూచు కార్యక్రమముల పట్టికయు అట్టి సూచికయే. ప్రసంగము ఏ వేళకో అందు తెలియును. ప్రసంగములో ఏ మాట ఎక్కడ వచ్చునో తెలియదు.

ఆ గుమాస్తాకు అసాధ్యమైన పనిని యంత్రము చేయుటయే ఈ కథలోని మలుపు. జెనీవా చెంతనున్న సెర్న్ పరిశోధనాలయములో టిమ్ బెర్నర్స్-లీ 1989లో ప్రతిపాదించిన వరల్డ్ వైడ్ వెబ్ 1991 నాటికి బయటివారికి అందుబాటులోనికి వచ్చెను. పుటలు పెరుగసాగెను, ఏ పుట యెచ్చట నున్నదో చెప్పువాడు లేకపోయెను. అంతకు పూర్వము 1990లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయమున ఆలన్ ఎంటేజ్ నిర్మించిన ఆర్చీ యనునది కంప్యూటర్లలోని ఫైళ్ల పేర్లను మాత్రమే వెదకెడిది. 1993 డిసెంబరులో స్కాట్లండులో జొనాథన్ ఫ్లెచర్ నిర్మించిన జంప్‌స్టేషన్ పుటల శీర్షికల వరకు పోయెను. 1994లో బ్రయన్ పింకర్టన్ వెబ్‌క్రాలరుతో పుటలోని ప్రతి మాటయు సూచికలోని కెక్కెను. సరిగా ఆ సంవత్సరమే స్టాన్‌ఫర్డులో ఇద్దరు విద్యార్థులు, జెర్రీ యాంగ్, డేవిడ్ ఫైలో, యాహూ పేర మనుష్యులు చేతితో వర్గీకరించిన పట్టిక నొకదానిని మొదలుపెట్టిరి. అది రంగనాథన్ మార్గము. వెబ్ ఇంత పెరుగకున్నచో ఆ మార్గమే నిలిచియుండెడిదని మా యభిప్రాయము. కాని పుటలు లక్షలనుండి కోట్లకు పెరుగగా మనుష్యుని చేయి చాలకపోయెను.

ఇక యంత్రము పని చేయు విధము. మొదట క్రాలరు అను కార్యక్రమము ఒక పుటను చదివి, అందులోని లంకెలను పట్టుకొని మరియొక పుటకు, అచ్చటనుండి వేరొక పుటకు పోవుచుండును. సాలెగూటిలో పాకు పురుగువలె నుండుటచే దానికి స్పైడర్ అనియు పేరు పెట్టిరి. ఏ పుటయు లంకె వేయని పుట, తాళము వేసిన పుట, యజమాని రావలదని వ్రాసిపెట్టిన పుట - వీని యొద్దకు అది సాధారణముగా పోదు. అది తెచ్చిన పుటల నుండి సూచిక తయారగును. పాఠకుల సౌకర్యార్థము మూడే పుటలున్న లోకము నొకదాని నూహింతము. మొదటి పుటలో అప్పనపల్లి, రేవు, పడవ అను మాటలున్నవి. రెండవదానిలో అప్పనపల్లి, ఆలయము. మూడవదానిలో రాజోలు, రేవు, పడవ. యంత్రము ఈ పుటలను తలక్రిందులు చేసి, పుటల క్రింద మాటలకు బదులు మాటల క్రింద పుటలను వ్రాసికొనును: అప్పనపల్లి - 1, 2, పడవ - 1, 3, ఆలయము - 2. మీరు "అప్పనపల్లి పడవ" అని యడిగినపుడు రెండు వరుసలలోను ఉన్న అంకె యేదని చూచి, మొదటి పుటను మీ ముందుంచును. కోట్లకొలది పుటలున్నను చేయునది ప్రధానముగా ఈ పనియే.

అన్ని మాటలకును విలువ సమానము కాదు. ఆలయమన్న మాట కోటి పుటలలో నుండును, అప్పనపల్లి కొన్నిట మాత్రమే యుండును. అరుదైన మాట పుటను ఎక్కువగా పట్టియిచ్చునని కేంబ్రిడ్జిలో కారెన్ స్పార్క్ జోన్స్ 1972లోనే నిరూపించెను. నేటికిని ఆ సూత్రము పాతబడలేదు. కనుక ప్రశ్నలో ఒక అరుదగు మాట చేర్చుట వెదకువాని మొదటి నేర్పు. "మంచి గుడి ఎక్కడ ఉంది" అను దానికంటె "అప్పనపల్లి వైనతేయ" అను రెండు మాటలు గట్టివి.

ఒకే మాట వేయి పుటలలో నున్నపుడు ఏది ముందుండవలెను? 1995 డిసెంబరులో వెలువడిన ఆల్టావిస్టా మొదలగునవి పుటలోని మాటలను చూచియే ముఖ్యముగా నిర్ణయించెడివి. అందువలన ఒక మాటను వందసారులు వ్రాసికొన్న మాయగాడు ముందు వరుసలో కూర్చుండెడివాడు. స్టాన్‌ఫర్డు విద్యార్థులు లారీ పేజ్, సెర్గీ బ్రిన్‌లు 1998లో ప్రకటించిన పద్ధతి వేరు. ఒక పుటను ఎన్ని పుటలు, ఎంతటి పేరున్న పుటలు, లంకెతో చూపుచున్నవో లెక్కించి దాని స్థానమును నిర్ణయించిరి. రేవు కట్టలో కొత్తవాడు "పడవవారిలో ఎవరు నమ్మదగినవారు?" అని యడిగినపుడు నలుగురు పెద్దలు ఒకే పేరు చెప్పుట వంటిదిది. నాడు వారి సూచికలో నున్నవి దాదాపు 2 కోట్ల 40 లక్షల పుటలు. ఆ యేడే గూగుల్ కంపెనీగా నేర్పడెను. ఇందులో మేలెంత కలదో కీడును అంత కలదు. ఊరిలో పేరున్నవానికే మరింత పేరు వచ్చుచుండును. "బాలాజీ దర్శనము" అని మాత్రము అడిగినవానికి తిరుమల ముందు కనబడుట సహజము. చిన్న యూరు కనబడవలెనన్నచో దాని పేరు మనమే చెప్పవలెను.

ఇంతవరకు చెప్పినది లోకమందలి యన్ని భాషలకును పొసగును. తెలుగునకు మరికొన్ని చిక్కులు ప్రత్యేకముగా కలవు. యంత్రము అక్షరముల రూపమును చూడదు, వాని సంఖ్యలను చూచును. 1991లో వెలువడిన యూనికోడు పట్టికలో తెలుగునకు 3072 మొదలు 3199 వరకు 128 స్థానములు కేటాయించిరి. అ 3077, ప 3114, న 3112, ల 3122. పొల్లునకు 3149, గుడికి 3135. అప్పనపల్లి యనునది మన కంటికి ఐదక్షరములు. యంత్రమునకు పది సంఖ్యలు. ఈ పది సంఖ్యలు వరుసగా ఉన్న పుటయే దానికి అప్పనపల్లి పుట.

కాని 1990లలోను 2000 తరువాత కొన్నేండ్లును వెబ్‌లో కెక్కిన తెలుగులో అధికభాగము ఈ పట్టిక ననుసరింపలేదు. ఆ రోజులలో దినపత్రికలు సొంత ఖతులను వాడెను. ఆంగ్లాక్షరమునకు నిర్ణయించిన సంఖ్యయందు తెలుగు అక్షరపు బొమ్మను కూర్చుట ఆ ఖతుల మర్మము. ఖతి యున్నవాని తెరపై చక్కని తెలుగు కనబడెడిది. యంత్రమునకు మాత్రము అర్థములేని ఆంగ్లాక్షరముల గుంపు కనబడెడిది. ఇంటిలో ధాన్యము నిండియున్నను గాదె తాళపుచెవి పోయినట్టి స్థితి యది. వెన్న నాగార్జున నిర్మించిన పద్మ యను సాధనము అట్టి ఖతులలోని వ్రాతను యూనికోడులోనికి మార్చి ఎందరికో మేలు చేసెను. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు నాంది పలికినదియు ఆయనయే. క్రమముగా పత్రికలును యూనికోడునకు మారినవి. అంతకు పూర్వపు పుటలు చాలవరకు వెదకువానికి కానరాకయే పోయినవి.

రెండవ చిక్కు మన వ్యాకరణమునకు సంబంధించినది. ఆంగ్లమున ఊరి పేరు ఎచ్చటనైనను ఒకే రూపమున నిలుచును. తెలుగున అప్పనపల్లిలో, అప్పనపల్లికి, అప్పనపల్లివారు అని విభక్తులును ప్రత్యయములును అంటుకొనుచుండును. సంధి కలిసినచో మొదటి అక్షరమే మారిపోవచ్చును. సంఖ్యల వరుసను మాత్రమే పోల్చు యంత్రమునకు ఇవి వేర్వేరు పదములు. ప్రత్యయమును విడదీసి ప్రకృతిని గ్రహించుటను యంత్రమునకు నేర్పవలసియున్నది. భారత ప్రభుత్వ సహాయముతో పలు విద్యాసంస్థలు కలిసి భారతీయ భాషలలో పర్యాటక విషయముల కొరకు నిర్మించిన సంధాన్ అను అన్వేషణ యంత్రములో తెలుగు చేరినది. హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ పరిశోధకులు ఈ రంగమున చాలకాలము పనిచేసిరి. 2019 చివర గూగుల్ తన క్రొత్త భాషాపద్ధతిని 70కి పైగా భాషలకు విస్తరించిన పిదప యంత్రము వాక్యములో మాటల సంబంధమును కొంత గ్రహింపసాగెను. అయినను తెలుగున వెదకువారు ఊరి పేరును ప్రత్యయము లేకుండ వ్రాయుట నేటికిని క్షేమము.

వర్ణక్రమము మూడవ చిక్కు. మన పక్క గ్రామమును పాశర్లపూడి యని కొందరు, పాసర్లపూడి యని కొందరు వ్రాయుదురు. అప్పనపల్లిని ఆంగ్లమున వ్రాయునపుడు చివర ఐ అక్షరము పెట్టువారును, వై పెట్టువారును, ఇ పెట్టి పల్లెగా మార్చువారును కలరు. నకార ద్విత్వము చేసి అప్పన్నపల్లి యన్నచో మహబూబ్‌నగరము చెంతనున్న అప్పన్నపల్లికి దారి చూపినను ఆశ్చర్యము లేదు. కనుక ఊరి పేరుతో మామిడికుదురు అని గాని వైనతేయ అని గాని చేర్చవలెను. ఒక రూపమున దొరకనిచో రెండవ రూపమున, తెలుగు లిపిలో దొరకనిచో ఆంగ్ల లిపిలో అడుగవలెను. రెండు మాటలు విడిపోకుండ కలిసియే యుండవలెనన్నచో వానిని కొటేషను గుర్తుల మధ్య నుంచవలెను. వలదన్న మాటకు ముందు ఖాళీ విడువక మైనస్ గుర్తు పెట్టినచో ఆ మాటయున్న పుటలు తొలగును. ఆంగ్లములో సైటు అను పదము వ్రాసి, నిలువుగా రెండు చుక్కలు పెట్టి, వెంటనే ఒక వెబ్‌సైటు చిరునామా చేర్చినచో ఆ యొక్క సైటులోనే వెదకును. ఈ నాలుగు ఉపాయములు తెలిసినవానికి తక్కినవి అభ్యాసమున వచ్చును.

చరిత్ర వెదకువారికి ఇంతకంటె పెద్ద చిక్కు మరియొకటి కలదు. మేము ఈ వ్యాసమునకు పూనుకొన్నది ముఖ్యముగా దానిని చెప్పుటకే. రాజోలు ప్రాంతపు రైతు ఒకడు తన పొలమునకు గోదావరి నీరు ఎట్లు వచ్చెనో తెలిసికొనగోరినాడనుకొందము. ధవళేశ్వరము ఆనకట్టను 1847లో ఆరంభించి 1852లో ముగించిరని అతనికి సులభముగనే దొరకును. ఆర్థర్ కాటను పేరు అంత ప్రసిద్ధము. కాని ఆ నీరు వైనతేయ పాయను దాటి ఈవలి లంకభూమికి వచ్చినది గన్నవరము అక్విడక్టు మీదుగా. 1850 దశకపు తొలినాళ్లలో లెఫ్టినెంటు హేగ్ అను ఇంజనీరు 49 కమానులతో కట్టించిన ఆ నిర్మాణము లేనిచో ఈ సీమలో వరిచేల కథ వేరుగా నుండెడిది. మన రైతు "గన్నవరం" అని వ్రాసినంతనే యంత్రము విజయవాడ చెంత విమానాశ్రయమున్న గన్నవరమును చూపును. పి. గన్నవరము అన్నచో కొంత దగ్గరకు వచ్చును. పాత అక్విడక్టు ప్రక్కన తరువాత కట్టిన దానికి అన్నదాత డొక్కా సీతమ్మ పేరు పెట్టిరి గనుక, ఆ పేరుతో నడిగినవానికి క్రొత్తది దొరకును. పాతది దొరకవలెనన్నచో పాతకాలపు వారు వాడిన మాటలతో నడుగవలెను.

ఆ మాటలు ఎట్టివి? 1907లో ఎఫ్. ఆర్. హెమింగ్‌వే రచించిన గోదావరి జిల్లా గెజెటీరును తెరచినచో రాజోలు తాలూకా యనునది కనబడదు. నాడు దాని పేరు నగరము తాలూకా. అంతకు పూర్వము 1878లో హెన్రీ మోరిస్ రచించిన గ్రంథమున గోదావరి పేరే వేరు వర్ణక్రమమున నున్నది. కాకినాడ కోకనాడగాను, విజయవాడ బెజవాడగాను ఉండెడివి. 1925 వరకు ఇది గోదావరి జిల్లా. 1925 నుండి తూర్పు గోదావరి. 2022 ఏప్రిలు 4 నుండి కోనసీమ జిల్లా, అటుపిమ్మట డాక్టర్ బి. ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా. ఊరు కదలలేదు, దాని చిరునామా మాత్రము తరతరమునకు మారినది. "కోనసీమ జిల్లా" అని వ్రాసి 1907 నాటి సంగతి నడుగువాడు, తాతగారిని మనుమని యింటిపేరుతో పిలిచినవాని వంటివాడు. నేటి పేర్లతో నొకసారి, తూర్పు గోదావరి పేరుతో నొకసారి, నగరము తాలూకా పేరుతో నొకసారి, ఆంగ్లపు పాత వర్ణక్రమముతో మరియొకసారి అడిగినచో ఒక్కొక్క వలకు ఒక్కొక్క రకపు చేప చిక్కును.

పాత గ్రంథముల విషయమున మరియొక సంగతి. మిలియన్ బుక్స్ పథకము మొదలైన తరువాత వేలకొలది తెలుగు గ్రంథములను స్కాన్ చేసి కంప్యూటరుల కెక్కించిరి. అది మహోపకారము. కాని స్కాన్ చేసిన పుట ఛాయాచిత్రము వంటిది. అందులోని అక్షరములను గుర్తించి సంఖ్యలుగా మార్చువరకు యంత్రము దానిని చదువజాలదు. అచ్చు ఆంగ్లమును గుర్తించినంత బాగుగా పాత తెలుగు ముద్రణను గుర్తించుట ఇంకను సాధ్యపడలేదు. వత్తులును గుణింతములును తారుమారగుచుండును. పైగా ఆ గ్రంథముల పేర్లను ఆంగ్లాక్షరములలో తోచిన రీతిగా నెక్కించుటచే, గ్రంథము యెదుటనే యున్నను పట్టికలో చిక్కదు. అట్టి వేళ గ్రంథకర్త పేరును రెండు మూడు విధములుగా వ్రాసి చూడవలెను. ఒక పదమునకు అర్థము కావలసినచో సామాన్యపు వెదకులాటకంటె ఆంధ్రభారతి వారి నిఘంటు శోధనకు పోవుట మేలు; పెక్కు నిఘంటువులు అచ్చట ఒకేచోట వెదకుటకు వీలుగా నున్నవి.

ఇక నేటి యాత్రికుని సంగతికి వత్తము. ఎవరి తాలూకని యంత్రమడుగదని మొదట నంటిమి. నిజమునకు అది మీరున్న చోటును, భాషను, మీరు అనుమతించినచో పూర్వము మీరు వెదకిన సంగతులను గమనించి సమాధానమును మార్చుచుండును. అమలాపురమున నొకడును అమెరికాలో నొకడును ఒకే మాట వ్రాసినను ఒకే వరుసలో ఫలితములు రాకపోవచ్చును. వరుసలో మొదటనున్నవి కొన్ని సొమ్ము చెల్లించి పెట్టించుకొన్న ప్రకటనలు; స్పాన్సర్డ్ అను చిన్న మాట వాని మీద నుండును, కన్ను దానిని దాటిపోకూడదు. ప్రసిద్ధ ఆలయముల వసతిగదులకు, బ్యాంకులకు, గ్యాసు కంపెనీలకు దొంగ ఫోను నంబరులు సృష్టించి వెబ్‌లో నుంచు మోసగాండ్రు దేశమంతట నున్నారు. యంత్రము నంబరును చూపునే గాని దానికి పూచీపడదు. సొమ్ము పంపవలసిన పని యేదైనను సంస్థ వారి సొంత వెబ్‌సైటులో గాని, చేతికందిన రశీదు మీద గాని ఉన్న నంబరునే నమ్మవలెను. మోసము జరిగినదని తెలిసిన వెంటనే 1930 అను సైబరు నేరముల సహాయ నంబరునకు ఫోను చేయవలెను. ఆలస్యమైన కొలదియు సొమ్ము చేయి దాటిపోవును.

2024 నుండి గూగుల్ ఫలితములకు పైన కృత్రిమ మేధ కూర్చిన సారాంశ మొకటి చాల ప్రశ్నలకు కనబడుచున్నది. పుటలను చూపుటకు బదులు పుటలలోని సంగతిని తన మాటలలో చెప్పుట దాని పద్ధతి. చదువుటకు హాయిగా నుండును. కాని రెండు గన్నవరములను, రెండు అప్పన్నపల్లులను కలిపి ఒక కథగా అల్లివేయుటకును దానికి సంకోచము లేదు. దాని ప్రక్కన నున్న లంకెలను తెరచి మూలమును చూడనిదే చరిత్ర విషయమున దానిని ప్రమాణముగా గొనరాదు.

పక్క గ్రామముల రెండు దుర్ఘటనలు ఈ యంత్రపు హద్దును తెలుపుటకు చాలును. 2014 జూన్ 27 తెల్లవారుజామున మామిడికుదురు మండలములోని నగరము గ్రామమున గెయిల్ సంస్థ గ్యాసు పైపులైను పేలి ఇరువది మందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. ఆ మాటలు వ్రాసినచో నాటి వార్తలు, ఛాయాచిత్రములు, విచారణ సంగతులు పుంఖానుపుంఖముగా వచ్చును. 1995 జనవరి 8న పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ త్రవ్వుచున్న బావినుండి గ్యాసు ఎగదన్ని మంటలు లేచెను. ఆ మంట 65 దినములు మండెను. చుట్టుప్రక్కల గ్రామములవారు ఇండ్లు విడిచి పోవలసివచ్చెను. నాడు మన దేశమున సామాన్యప్రజకు ఇంటర్నెట్టు లేదు. విదేశ్ సంచార్ నిగమ్ వారు దానిని మహానగరములలో ప్రారంభించినది అదే సంవత్సరము ఆగస్టు 15న, మంట ఆరిన ఐదు మాసములకు. అందుచే నేడు వెదకువానికి దొరకునది అధికభాగము తరువాతి వారు గుర్తు తెచ్చుకొని వ్రాసినదే. మండుచున్న దినములలో వ్రాసినది బహుస్వల్పము.

ఆ సంవత్సరము తరువాత పుట్టిన పిల్లలు ఫోను తీసి చూచి, నాలుగు వాక్యములు దొరికినవి గనుక సంగతి నాలుగు వాక్యములంతే యనుకొను ప్రమాదము కలదు. వారికి మేము చెప్పునది యిది. తెలుగున శకారముతో నొకసారి, సకారముతో నొకసారి వ్రాయుడు. ఆంగ్లమున బ్లోఅవుట్ అను మాటను 1995 అను అంకెతో జతచేయుడు. జిల్లా పేరు తూర్పు గోదావరి యని పెట్టుడు. అప్పటికిని చాలనిచో ఫోను ప్రక్కన బెట్టి, ఆ జనవరి మొదలు మార్చి వరకు వెలువడిన దినపత్రికల పాత సంచికలున్న గ్రంథాలయమునకు పొండు. తెలియనివారు గ్రంథాలయాధికారి నడుగుడు. అంతకంటె దగ్గర దారియు కలదు. ఆ మంట వెలుగును తమ వాకిటినుండి చూచినవారు అప్పనపల్లిలోను, మామిడికుదురులోను, మొగలికుదురులోను ఇంకను ఉన్నారు. వారు ముందుగా మీరెవరి తాలూకని యడుగుదురు.